ఎక్స్ఛేంజ్ సీటుకు దేశం పేరు కాదు, క్రెడిట్ల కాగితం చూడాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

మీ పత్రిక చదువుల పేజీలో విదేశీ విద్య గురించి వచ్చే వ్యాసాలను గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో కత్తిరించి దాచుకుంటారు. బరంపురంలోనో గుణుపురంలోనో ఇంజినీరింగ్ చదివే పిల్లలకు, ఇక్కడి నుంచి విశాఖ వెళ్లి హాస్టల్లో ఉంటున్న పిల్లలకు చాలాసార్లు అవే ఆధారం. అయితే ఆ వ్యాసాల్లో రెండు లోట్లు కనిపిస్తున్నాయి. ఎక్స్ఛేంజ్, డబ్బు కట్టి చదివే సెమిస్టర్, పూర్తి డిగ్రీ అనే మూడు వేర్వేరు విషయాలను కలగలిపి రాస్తున్నారు. ఇక సలహాలన్నీ హైదరాబాద్, విజయవాడ చిరునామాలు ఉన్నవారికి సరిపోయేలా ఉంటున్నాయి. ఆధార్‌లో ఒడిశా చిరునామా ఉండి ఇంట్లో తెలుగు మాట్లాడుకునే పిల్లల దారి కొన్నిచోట్ల వేరుగా ఉంటుంది. ఈ రెండు లోట్లు తీరాలనే ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఎక్స్ఛేంజ్ అంటే రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం. విద్యార్థి తన ఫీజు ఇక్కడి కాలేజీకే కడతాడు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. బదులుగా అక్కడి నుంచి ఇక్కడికి విద్యార్థులు రావాలి. చిన్న పట్టణాల్లోని కాలేజీలకు విదేశీ విద్యార్థులు అంతగా రారు కాబట్టి లెక్క ఒకవైపే మొగ్గుతుంది. అప్పుడు అవతలివాళ్లు సీట్లు తగ్గిస్తారు. కాగితం మీద ఒప్పందం బతికే ఉన్నా ఆ ఏడాది సీటు లేదనడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఎక్స్ఛేంజ్ సీటుకు విద్యార్థి నేరుగా దరఖాస్తు పెట్టుకోలేడు. ముందు ఇక్కడి కాలేజీ అతని పేరు పంపాలి, దాన్నే నామినేషన్ అంటారు. అది అందాకే అవతలి విశ్వవిద్యాలయం దరఖాస్తు లింకు పంపుతుంది. అందువల్ల ఏ కన్సల్టెన్సీ అయినా ‘డైరెక్ట్ ఎక్స్ఛేంజ్ సీటు ఇప్పిస్తాం, ఇంత కట్టండి’ అంటే అది ఎక్స్ఛేంజ్ కాదు. పూర్తి ఫీజు కట్టి ఒక సెమిస్టర్ కూర్చునే ఏర్పాటు, యూరప్‌లో అలా వచ్చేవారిని ఫ్రీమూవర్ అంటారు. అలా వెళ్లడం తప్పేమీ కాదు, కానీ దాని ఖర్చు వేరు, క్రెడిట్లు (ఒక్కో కోర్సుకు లెక్కకట్టే చదువు యూనిట్లు) లెక్కలోకి వస్తాయన్న హామీ కూడా ఉండదు.

కాలేజీ వెబ్‌సైటులో జెండాలు, కరచాలనాల ఫొటోలు చూసి ఒప్పందం ఉందనుకోకూడదు. ఎంఓయూ (అవగాహన ఒప్పందం) అన్నది చాలాసార్లు సహకరించుకుందామనే మాట వరకే. సీట్ల సంఖ్య, ఫీజు మినహాయింపు ఉండేది దాని కింద విడిగా రాసుకునే విద్యార్థి మార్పిడి ఒప్పందంలో. అంతర్జాతీయ సంబంధాల విభాగానికి వెళ్లి ఆ రెండో కాగితమే అడగాలి. అందులో ముందు గడువు చూడాలి. ఇవి సాధారణంగా మూడేళ్లకో ఐదేళ్లకో రాసుకుంటారు, తరవాత తిరగరాయకపోతే చెల్లవు. ఏ విభాగానికి రాశారో కూడా చూడాలి, మెకానికల్ వాళ్లు చేసుకున్న ఒప్పందంలో కామర్స్ విద్యార్థికి చోటుండదు. డిగ్రీ స్థాయికా, పీజీకా, పరిశోధకులకా అన్నది అందులోనే ఉంటుంది. పీజీకి రాసిన ఒప్పందాన్ని చూపించి బీటెక్ పిల్లలకు ఆశపెట్టడం కద్దు. చివరగా ఏడాదికి ఎన్ని సీట్లు, అవి సెమిస్టర్‌కా సంవత్సరానికా అన్నది. ఇదంతా చూశాక అవతలి విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో భాగస్వాముల జాబితా తెరిచి మన కాలేజీ పేరు ఉందో లేదో చూడాలి. అక్కడ పేరు లేకపోతే ఆ ఒప్పందం నడుస్తోందని నమ్మలేం.

అనుబంధ కాలేజీల్లో చదివేవారికి ఇంకో చిక్కు ఉంది. బరంపురం విశ్వవిద్యాలయం కింద, రూర్కెలాలోని బిజూ పట్నాయక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కింద ఇక్కడ ఎన్నో కాలేజీలున్నాయి. పరీక్షలు పెట్టేది, మార్కుల జాబితా ఇచ్చేది విశ్వవిద్యాలయం. కాలేజీ ప్రిన్సిపాల్ ‘వెళ్లిరా, చూసుకుందాం’ అని సంతకం పెట్టినంత మాత్రాన బయట సంపాదించిన క్రెడిట్లు మార్కుల జాబితాలోకి ఎక్కవు. పరీక్షల కంట్రోలర్ కార్యాలయం నుంచి, అవసరమైతే అకడమిక్ కౌన్సిల్ నుంచి రాతపూర్వకమైన ఆమోదం కావాలి. ఆ కాగితం చేతికి రాకుండా విమానం టికెట్ కొనకూడదు.

ఇక ఎంపికలో అన్నిటికన్నా ఎక్కువమంది దెబ్బతినే చోటు క్యాలెండర్. మన దగ్గర బేసి సెమిస్టర్ జులైలో మొదలై నవంబరు, డిసెంబరులో ముగుస్తుంది. సరి సెమిస్టర్ జనవరి నుంచి మే దాకా. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ అధికారికంగా అక్టోబరు నుంచి మార్చి వరకు, తరగతులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరిలో ముగుస్తాయి, పరీక్షలు ఆ వెంటనే. అంటే ఐదో సెమిస్టర్‌కు అక్కడికి వెళ్లిన విద్యార్థి తిరిగొచ్చేసరికి ఇక్కడ ఆరో సెమిస్టర్ సగం గడిచిపోతుంది. 75 శాతం హాజరు ఎక్కడి నుంచి తెస్తాడు? వేసవి సెమిస్టర్ ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి అదీ అంతే, అటు సరి సెమిస్టర్‌కు, ఇటు జులైకి రెండువైపులా తగులుతుంది. జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, రెండో సెమిస్టర్ సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో మొదలై ఫిబ్రవరి దాకా సాగుతుంది. అక్కడా ఇదే ఇబ్బంది. ఈ రెండు దేశాలకు వెళ్లాలనుకునేవారు పూర్తి ఏడాది మార్పిడి చూసుకోవాలి, లేదా ఆరో సెమిస్టర్‌కు ఆలస్యంగా చేరేందుకు హాజరు మినహాయింపు ముందే రాయించుకోవాలి.

దక్షిణ కొరియాలో శరదృతువు సెమిస్టర్ సెప్టెంబరు మొదట్లో మొదలై డిసెంబరు మూడో వారానికి అయిపోతుంది. అమెరికాలో ఆగస్టు చివర నుంచి డిసెంబరు మధ్య వరకు. ఆస్ట్రేలియాలో రెండో సెమిస్టర్ జులై నుంచి నవంబరు వరకు. మన బేసి సెమిస్టర్‌కు ఈ మూడూ చక్కగా సరిపోతాయి. ఫ్రాన్స్, నెదర్లాండ్స్, స్వీడన్ మధ్యస్థం. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో మొదలవుతాయి కానీ కొన్ని పరీక్షలు జనవరిలో పడతాయి. పరీక్ష షెడ్యూలు కోర్సును బట్టి మారుతుంది కాబట్టి డిసెంబరులోపే ముగిసే కోర్సులను ఏరుకునే వీలుందేమో అడగాలి. మా అభిప్రాయం నిష్కర్షగా చెబుతున్నాం: పేరున్న విశ్వవిద్యాలయం క్యాలెండర్‌కు అడ్డం వస్తే, పేరు తక్కువైనా క్యాలెండర్‌కు కుదిరే విశ్వవిద్యాలయమే మేలు. ఒక సెమిస్టర్ కోసం ఒక ఏడాది పోగొట్టుకోకూడదు.

ఏ సెమిస్టర్‌లో వెళ్లాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఏడో సెమిస్టర్‌లో కాలేజీకి కంపెనీలు వస్తాయి, అప్పుడు ఊళ్లో లేకపోతే ప్రాంగణ నియామకాలు చేజారతాయి. నాలుగు, ఐదు సెమిస్టర్లే అనువు. కాలేజీ ఎంపికకు మొదటి రెండు మూడు సెమిస్టర్ల సీజీపీఏ (సగటు గ్రేడు) చూస్తారు, బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టు) ఉంటే నామినేషన్‌కు పంపరు. అందుకని ఈ ఆలోచన రెండో ఏడాది మొదట్లోనే రావాలి.

క్రెడిట్ల విషయానికి వద్దాం. యూరప్‌లో వాడే కొలత ఈసీటీఎస్. పూర్తి విద్యా సంవత్సరానికి 60, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్‌కు విద్యార్థి పెట్టాల్సిన పని, అంటే తరగతి, చదువు, పరీక్ష అన్నీ కలిపి, 25 నుంచి 30 గంటలు. మన దగ్గర ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల పాఠం లేదా 30 గంటల ప్రాక్టికల్. రెండు కొలతలూ ఒకటి కావు. మన సెమిస్టర్ 20 నుంచి 22 క్రెడిట్లుంటే అక్కడి 30కి దాదాపు సమానం కాబట్టి, ఇక్కడి 4 క్రెడిట్ల సబ్జెక్టుకు అక్కడ 6 ఈసీటీఎస్ కోర్సు కావాలి. 3 ఈసీటీఎస్ కోర్సు ఒకటి చదివొచ్చి ఇక్కడి 4 క్రెడిట్ల సబ్జెక్టు తీసేయమంటే కంట్రోలర్ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడంలో న్యాయం కూడా ఉంది.

అందుకే వెళ్లేముందు ఒక పట్టిక తయారుచేయాలి. ఎడమవైపు ఇక్కడ ఆ సెమిస్టర్‌లో ఉన్న సబ్జెక్టులు, కోడ్, క్రెడిట్లు. కుడివైపు ప్రతిదానికీ ఎదురుగా అక్కడి కోర్సు, కోడ్, ఈసీటీఎస్, బోధనా భాష, పరీక్ష ఎలా పెడతారన్నది. రెండు సిలబస్‌లు పక్కపక్కన పెట్టి విభాగాధిపతికి చూపించి ప్రతి వరుసకూ సంతకం తీసుకోవాలి. ఇదే లెర్నింగ్ అగ్రిమెంట్. విద్యార్థి, ఇక్కడి విశ్వవిద్యాలయం, అక్కడి విశ్వవిద్యాలయం ముగ్గురూ సంతకం పెట్టాలి. ఇక్కడ మూడు తప్పులు తరచుగా జరుగుతాయి. వెబ్‌సైటులో కనిపించే కోర్సుల జాబితా పోయిన ఏడాదిది కావచ్చు, వెళ్లేసరికి రెండు కోర్సులు ఉండవు. కాబట్టి ఐదు కావాలంటే ఎనిమిదింటికి ఆమోదం తీసుకోవాలి. ఇంగ్లిషులో చెప్పే కోర్సులు పీజీ స్థాయిలోనే ఎక్కువ, డిగ్రీ స్థాయిలో జర్మన్‌లోనో ఫ్రెంచ్‌లోనో ఉంటాయి. బీటెక్ విద్యార్థిని పీజీ కోర్సులో కూర్చోనిస్తారో లేదో ముందే రాసి అడగాలి. మూడోది ల్యాబ్‌లు. థియరీకి సరిజోడు దొరుకుతుంది కానీ ల్యాబ్‌కు దొరకడం కష్టం. తిరిగొచ్చాక ఆ ల్యాబ్‌లు ఎప్పుడు, ఎవరితో కలిసి చేయాలో కూడా ఆ పట్టిక కిందే రాయించుకోవాలి. లేకపోతే అవి చివరి సెమిస్టర్‌లో బ్యాక్‌లాగ్‌గా తేలతాయి.

క్రెడిట్ల తరవాత గ్రేడ్లు. ఇక్కడ నష్టం కళ్లకు కనపడకుండా జరుగుతుంది. ఫ్రాన్స్‌లో మార్కులు 20కి వేస్తారు, 10 వస్తే పాస్, 14 అంటే బాగా చదివినట్టు, 16 దాటడం అరుదు. 13 తెచ్చుకున్న విద్యార్థికి ఇక్కడి గుమాస్తా ఐదుతో గుణించి 65 శాతం అని వేస్తే అది అన్యాయం. అక్కడి తరగతిలో అతను ముందు వరసలో ఉండి ఉండొచ్చు. జర్మనీలో లెక్క తలకిందులు: 1.0 అన్నిటికన్నా గొప్ప, 4.0 పాస్, 5.0 తప్పినట్టు. అక్కడివాళ్లు విదేశీ గ్రేడ్లను మార్చడానికి వాడే సూత్రం ఒకటుంది. గరిష్ఠ మార్కులోంచి వచ్చిన మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. మన పది పాయింట్ల స్కేలులో పాస్ 4 అనుకుంటే 8.0 సీజీపీఏ అక్కడ 2.0 అవుతుంది. అదే సూత్రాన్ని తిప్పి చూస్తే అక్కడి 1.3 ఇక్కడ 9.4, అక్కడి 3.0 ఇక్కడ 6. ఈ సూత్రమే వాడతారా, వేరే పట్టిక ఉందా, లేక గ్రేడు లేకుండా పాస్ అని మాత్రమే ఎక్కిస్తారా అన్నది వెళ్లకముందే కంట్రోలర్ కార్యాలయం నుంచి రాతలో తీసుకోవాలి. పాస్ అని మాత్రమే ఎక్కించే పద్ధతి ఉంటే సీజీపీఏకు లాభమూ లేదు, నష్టమూ లేదు. కష్టమైన కోర్సులు తీసుకోవాలనుకునేవారికి అదే నయం. వచ్చేటప్పుడు అక్కడి కోర్సులో ఏ గ్రేడు ఎంతమందికి వచ్చిందో చూపే పంపిణీ పట్టికను కూడా ట్రాన్స్‌క్రిప్ట్ (అక్కడి మార్కుల జాబితా)తో పాటు అడిగి తెచ్చుకుంటే వాదించడానికి ఆధారం ఉంటుంది.

డబ్బు సంగతి. ట్యూషన్ ఫీజు లేదన్న మాటతో ఖర్చు లేదనుకుని బయల్దేరేవారున్నారు. జర్మనీ విద్యార్థి వీసాకు నెలకు 992 యూరోల చొప్పున బ్లాక్డ్ ఖాతాలో ముందే జమచేసి చూపాలి. ఆరు నెలలకు 5,952 యూరోలు. యూరో వంద రూపాయలని లెక్కేసుకున్నా దాదాపు 6 లక్షలు. ఇది ఫీజు కాదు, అక్కడికి వెళ్లాక నెలనెలా మన ఖర్చుకే తిరిగి వస్తుంది, కానీ వీసాకు ముందు ఒక్కసారిగా చేతిలో ఉండాలి. ఐటీ రిటర్నులు దాఖలు చేసే అలవాటు లేని చిన్న వ్యాపారుల ఇళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది, ఆ ఖాతాయే ఆర్థిక రుజువు అవుతుంది. ట్యూషన్ మినహాయించినా సెమిస్టర్ కంట్రిబ్యూషన్ అని కొంత కట్టాల్సిందే, చాలాచోట్ల బస్సు, రైలు పాసు అందులోనే వస్తుంది. ఫ్రాన్స్‌లో నెలకు 615 యూరోలు చూపాలి. ఆస్ట్రేలియాలో సీటు ఉచితమే, కానీ 2025 జులై నుంచి విద్యార్థి వీసా ఫీజు ఒక్కటే 2,000 ఆస్ట్రేలియా డాలర్లు. ఒక సెమిస్టర్ కోసం అంత పెట్టడం దండగని మా ఉద్దేశం, స్కాలర్‌షిప్ ఉంటే తప్ప.

అమెరికాకు ఎక్స్ఛేంజ్ మీద వెళ్లేవారికి సాధారణంగా జే-1 వీసా. దానికి అక్కడి విశ్వవిద్యాలయం డీఎస్-2019 అనే పత్రం పంపుతుంది. ఐ-20 అనే పత్రం పంపితే అది ఎఫ్-1, అంటే మామూలు విద్యార్థి వీసా, దాని దారి వేరు. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ నమోదు వ్యవస్థ) ఫీజు జే-1కు 220 డాలర్లు, ఎఫ్-1కు 350. జే-1లో ఆరోగ్య బీమా చట్టప్రకారం తప్పనిసరి: ఒక్కో జబ్బుకో ప్రమాదానికో కనీసం లక్ష డాలర్లు, స్వదేశానికి వైద్య తరలింపుకు 50,000, మరణిస్తే భౌతికకాయం పంపడానికి 25,000, మనం భరించాల్సిన వాటా 500 డాలర్లు మించకూడదు. ఇక్కడ చవగ్గా దొరికే ప్రయాణ బీమాలు ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని దగ్గర తప్పుతాయి. కొనేముందు పాలసీ పత్రంలో ఈ అంకెలు వెతకాలి.

స్కాలర్‌షిప్‌లలో పిల్లలు ఎక్కువ తికమకపడేది ఎరాస్మస్ పేరు దగ్గర. ఎరాస్మస్ ముండుస్ అంటే రెండు మూడు దేశాల్లో తిరిగి చదివే పూర్తి పీజీ డిగ్రీ. విద్యార్థే నేరుగా దరఖాస్తు పెట్టుకుంటాడు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. ఎరాస్మస్ ప్లస్ కింద వచ్చే మార్పిడి వేరు. అందులో నెలకు దేశాన్ని బట్టి 800 నుంచి 900 యూరోలు, ప్రయాణ ఖర్చు అదనం, కానీ మన విశ్వవిద్యాలయానికి అక్కడి విశ్వవిద్యాలయంతో ఆ పథకం కింద ఒప్పందం ఉంటేనే. జపాన్‌లో జాసో సంస్థ ఇచ్చే మార్పిడి స్కాలర్‌షిప్ నెలకు 80,000 యెన్లు. దాన్ని విద్యార్థి విడిగా అడగడానికి లేదు, అక్కడి విశ్వవిద్యాలయమే ఎంపిక చేస్తుంది.

ప్రభుత్వ పథకాల గురించి ఈ జిల్లాల్లో అపోహలు చాలా ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాల విదేశీ విద్యా పథకాలు ఆయా రాష్ట్రాల స్థానికులకే. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన, విశాఖలో చదివినంత మాత్రాన ఒడిశా నివాస ధ్రువపత్రం ఉన్నవారికి రావు. కేంద్రం దళిత, గిరిజన విద్యార్థులకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీజీ, పీహెచ్‌డీల వంటి పైచదువులకే, డిగ్రీ మధ్యలో ఒక సెమిస్టర్‌కు వర్తించదు. బ్యాంకుల విద్యా రుణం కూడా ఎక్కువగా పూర్తి డిగ్రీ ప్రవేశపత్రం చూసి ఇచ్చేదే, ఎక్స్ఛేంజ్‌కు ఇస్తారో లేదో బ్రాంచిలో రాతపూర్వకంగా అడగాలి. ఇక్కడ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ తీసుకుంటున్నవారు, బయట ఉన్న సెమిస్టర్‌లో హాజరు ఎలా చూపాలన్నది కాలేజీ ద్వారా సంక్షేమ శాఖకు ముందే రాయించుకోవాలి.

వీసా కార్యాలయం చిరునామాను బట్టి మారుతుంది. అమెరికా విషయంలో ఒడిశా హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోనే ఉంది కాబట్టి ఆంధ్రవారికీ మనకూ తేడా లేదు. జర్మనీ దగ్గర తేడా వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు చెన్నై కాన్సులేట్, ఒడిశాకు కోల్‌కతా. పర్లాకిమిడి చిరునామాతో విశాఖ హాస్టల్లో ఉంటున్న విద్యార్థి, తోటి విద్యార్థులతో పాటు చెన్నై పరిధి కింద అపాయింట్‌మెంట్ తీసుకుంటే, ఉంటున్న చోటు రుజువు చూపలేక ఆ తేదీ పోగొట్టుకునే ప్రమాదం ఉంది. మళ్లీ తేదీ దొరికేసరికి వారాలు పడతాయి. స్థిర నివాసం చిరునామా తీసుకుంటారా, ఇప్పుడు ఉంటున్న చోటు తీసుకుంటారా, దానికి హాస్టల్ ధ్రువపత్రం చాలుతుందా అన్నది ఆయా కాన్సులేట్ సూచనల్లో చదివి, అనుమానముంటే మెయిల్ రాసి జవాబు దాచుకోవాలి.

ఇక పేర్ల గొడవ. ఇది సరిహద్దు జిల్లాల్లో మాత్రమే ఇంత ముదురుగా ఉంటుంది. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ‘పి. వెంకటేష్’, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి ‘పొట్నూరు వెంకటేష్’, ఆధార్‌లో ఒడియా నుంచి ఇంగ్లిషులోకి మార్చినప్పుడు ‘బెంకటేష్’. ఒడియా రాతలో మన వకారం బకారంగా పడుతుంది కాబట్టి విజయ బిజయ అవుతుంది, వాసు బాసు అవుతాడు. మూడు కాగితాల్లో మూడు పేర్లుంటే విదేశీ విశ్వవిద్యాలయం ప్రవేశపత్రం మార్కుల జాబితా చూసి ఒక పేరుతో ఇస్తుంది, వీసా అధికారి పాస్‌పోర్టు చూసి ఇద్దరూ ఒకరేనా అని అడుగుతాడు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేయడం మరో పొరపాటు. పేరంతా ఒకే గడిలో ఉంటే ఆన్‌లైన్ దరఖాస్తులు ముందుకు కదలవు, అమెరికా వీసాలో పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ (పేరు తెలియదు) అని పడుతుంది. సరిచేసే వరస ఇది: ముందు మెట్రిక్ సర్టిఫికెట్, ఎందుకంటే మిగతావన్నీ దాన్నే ఆధారంగా తీసుకుంటాయి. బోర్డులో దిద్దుబాటుకు నెలలు పడుతుంది. తరవాత ఆధార్, ఆ తరవాత పాస్‌పోర్టు. అంత సమయం లేకపోతే పాస్‌పోర్టులో ఉన్న పేరునే అక్షరం పొల్లుపోకుండా అన్ని దరఖాస్తుల్లో రాసి, ఇద్దరూ ఒక్కరే అని నోటరీ అఫిడవిట్ జతచేయాలి. తండ్రి ఖాతా నుంచి డబ్బు చూపుతున్నప్పుడు తండ్రి పేరుకూ ఇదే వర్తిస్తుంది, ఈ సంగతి చాలామందికి తట్టదు.

ఆగస్టు, సెప్టెంబరులో వెళ్లాలంటే పని అంతకుముందు ఏడాది అదే నెలల్లో మొదలవ్వాలి. అప్పుడే పాస్‌పోర్టు, పేర్ల దిద్దుబాటు, ఒప్పందాల జాబితా. శీతాకాలంలో కాలేజీ లోపలి ఎంపిక. మార్చి, ఏప్రిల్‌లో నామినేషన్. ఏప్రిల్, మేలో అక్కడి దరఖాస్తు. మే, జూన్‌లో ప్రవేశపత్రం, జూన్, జులైలో వీసా. జపాన్‌కైతే సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ (వీసాకు ముందు కావాల్సిన అర్హత పత్రం) కోసం అక్కడి విశ్వవిద్యాలయం దరఖాస్తు పెట్టాలి, దానికే ఒకటి నుంచి మూడు నెలలు. ఇంగ్లిషు పరీక్ష రాయాలా, లేక ఇంగ్లిషు మాధ్యమంలో చదివినట్టు కాలేజీ ఇచ్చే పత్రం చాలా అన్నది ఒప్పందంలో చూశాకే ఐఈఎల్‌టీఎస్‌కు డబ్బు కట్టాలి. మార్పిడి విద్యార్థులకు చాలాచోట్ల ఆ పత్రమే సరిపోతుంది.

హాస్టల్ దరఖాస్తు ప్రవేశ దరఖాస్తులో భాగమని అనుకుని ఊరుకోవద్దు. ఎక్కువచోట్ల అది వేరే ఫారం, వేరే గడువు. అది తప్పితే బయట గది వెతుక్కోవాలి, అక్కడే మోసాలు. గది చూపించకుండా ముందు డిపాజిట్ పంపమని, తాళంచెవి కొరియర్లో పంపుతామని అడిగేవారికి ఒక్క యూరో కూడా పంపకూడదు. దిగాక చేయాల్సినవి దేశాన్ని బట్టి ఉంటాయి. జర్మనీలో గదిలోకి మారిన రెండు వారాల్లోపు మున్సిపల్ కార్యాలయంలో చిరునామా నమోదు, జపాన్‌లో 14 రోజుల్లోపు అదే పని, ఫ్రాన్స్‌లో దీర్ఘకాల వీసాను మూడు నెలల్లోపు ఆన్‌లైన్లో ధ్రువీకరించుకోవడం. మొదటి వారాల్లో కోర్సు ఏదైనా మారితే లెర్నింగ్ అగ్రిమెంట్ మార్పు పత్రం మీద ఇక్కడి విభాగాధిపతి సంతకం కూడా మెయిల్లో తెప్పించుకోవాలి. అక్కడివాళ్లు ఒప్పుకుంటే చాలనుకుంటే తిరిగొచ్చాక ఆ కోర్సుకు లెక్క ఉండదు.

మీ పత్రికను మేము కోరేది మూడు విషయాలు. విదేశీ విద్య వ్యాసం వేసినప్పుడల్లా అది ఎక్స్ఛేంజా, ఫీజు కట్టే సెమిస్టరా, డిగ్రీయా అన్నది మొదటి పేరాలోనే చెప్పించండి. వీసా పరిధి రాసేచోట ఒడిశా చిరునామా ఉన్నవారి కోసం ఒక వాక్యం చేర్చండి. ఇరువైపులా ఉన్న విశ్వవిద్యాలయాలను వాటి నడుస్తున్న మార్పిడి ఒప్పందాల జాబితా, విభాగం, స్థాయి, సీట్లు, గడువుతో సహా అడిగి ఏటా సెప్టెంబరులో ప్రచురించండి, నామినేషన్‌కు ఇంకా ఆరు నెలల సమయం ఉండగానే పిల్లల చేతికి అందుతుంది.

ఇట్లు,
ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు అధ్యాపకులు కొందరు,
బరంపురం, గంజాం జిల్లా